గ్రామసభలో మీరు చెప్పిన మాట పుస్తకంలోకి ఎక్కిందా?

పెన్షన్, రేషన్ కార్డు, ఇందిరమ్మ ఇల్లు కోసం ఎదురుచూస్తున్న వాళ్లు ఇది తప్పక చదవండి. చదువు రాని పెద్దలకు చదివి వినిపించండి.

2025 జనవరి 21 నుంచి 24 వరకు తెలంగాణ పల్లెల్లో గ్రామసభలు జరిగాయి. రైతు భరోసా, ఇందిరమ్మ ఆత్మీయ భరోసా, కొత్త రేషన్ కార్డులు, ఇందిరమ్మ ఇళ్ల జాబితాలు ఆ సభల్లో చదివారు. పేరు రానివాళ్ల దగ్గర అక్కడే దరఖాస్తులు తీసుకున్నారు. అంటే సభకు పోతే రెండు లాభాలు. పేరు ఉందో లేదో మీ చెవులతో మీరే వింటారు. లేకపోతే అప్పటికప్పుడే అడగవచ్చు.

గ్రామసభ అంటే ఎవరు?

సర్పంచ్, వార్డు సభ్యులు కలిస్తే గ్రామపంచాయతీ. ఊరి ఓటరు జాబితాలో పేరున్న ప్రతి ఒక్కరూ కలిస్తే గ్రామసభ. అంటే మీరే గ్రామసభ. ఎవరూ పిలవలేదని ఆగొద్దు. 1993 ఏప్రిల్ 24న అమల్లోకి వచ్చిన 73వ రాజ్యాంగ సవరణ గ్రామసభకు రాజ్యాంగంలో చోటు ఇచ్చింది.

ఎన్నిసార్లు పెట్టాలి?

తెలంగాణ పంచాయతీరాజ్ చట్టం, 2018 ప్రకారం రెండు నెలలకు ఒకసారి పెట్టాలి. ఏడాదికి ఆరు సభలు అన్నమాట. అందులో కనీసం రెండు సభల్లో మహిళలు, వృద్ధులు, దివ్యాంగుల సమస్యలు మాట్లాడాలి. సభకు సర్పంచ్ అధ్యక్షత వహిస్తారు. చర్చను, తీర్మానాలను పంచాయతీ కార్యదర్శి రాస్తారు.

ఎంతమంది రావాలి?

దీన్నే కోరం అంటారు.
• 500 వరకు ఓటర్లు ఉంటే 50 మంది
• 501 నుంచి 1,000 వరకు 75 మంది
• 1,001 నుంచి 3,000 వరకు 150 మంది
• 3,001 నుంచి 5,000 వరకు 200 మంది
• 5,001 నుంచి 10,000 వరకు 300 మంది
• అంతకు మించితే 400 మంది

జనం రాకపోతే కొన్నిచోట్ల తర్వాత ఇంటింటికీ పుస్తకం పట్టుకొని సంతకాలకు వస్తారు. అలా వస్తే ముందు పైన ఏం రాశారో చదివించుకోండి. ఖాళీ పేజీ మీద సంతకం గానీ వేలిముద్ర గానీ పెట్టొద్దు. మీరు వినని తీర్మానానికి మీరే ఒప్పుకున్నట్టు అవుతుంది.

నోటిమాటకూ తీర్మానానికీ తేడా ఏమిటి?

ఉదాహరణకు, భర్త చనిపోయిన ఒక అవ్వ సభలో లేచి "నాకు పెన్షన్ రావట్లేదయ్యా" అన్నదనుకోండి. "చూద్దాంలే అవ్వా" అంటారు. ఆమె ఇంటికి పోతుంది. రెండు నెలల తర్వాత అడిగితే చూపడానికి చేతిలో కాగితం ఉండదు. అప్పుడు ఏం మాట్లాడారో ఎవరికీ గుర్తుండదు.

అదే అవ్వ భర్త మరణ ధ్రువీకరణ పత్రం, ఆధార్ జిరాక్స్ జతచేసి దరఖాస్తు ఇచ్చి, రసీదు తీసుకొని, "నా సంగతి పుస్తకంలో రాయండి" అని అడిగిందనుకోండి. అప్పుడు తేదీ ఉంటుంది, పేరు ఉంటుంది. ఎంపీడీవో ఆఫీసుకు పోయినా, కలెక్టరేట్‌లో సోమవారం ప్రజావాణికి పోయినా మాట్లాడటానికి ఆధారం ఉంటుంది.

ఒక్క సంగతి గుర్తుంచుకోండి. గ్రామసభ పెన్షన్ మంజూరు చేయదు, ఇంటి బిల్లు చెల్లించదు. ఆ నిర్ణయాలు పై ఆఫీసుల్లో జరుగుతాయి. కానీ అర్హులెవరో, అనర్హులెవరో ఊరందరి ముందు చెప్పే చోటు ఇదే. అనర్హుల పేరు జాబితాలో వినిపిస్తే అభ్యంతరం కూడా ఇక్కడే చెప్పాలి. మనిషిని తిట్టకండి. కారణం చెప్పి, దాన్ని రాయించండి.

సభకు పోయేటప్పుడు

1. దరఖాస్తు రెండు కాపీలు తీసుకెళ్లండి. ఒకటి ఇచ్చి, రెండో దాని మీద తేదీతో సంతకం, ముద్ర వేయించుకోండి.
2. జాబితా గబగబా చదివితే ఆపి, మళ్లీ చదవమని అడగండి. అది మీ హక్కు.
3. సభ ముగిసే ముందు "ఈరోజు రాసిన తీర్మానాలు చదవండి" అని అడగండి. విన్నాకే సంతకం పెట్టండి.
4. మీరు చెప్పింది రాయకపోతే మరుసటి రోజే కార్యదర్శికి రాతపూర్వకంగా ఇవ్వండి.

తీర్మానం కాపీ ఇవ్వకపోతే?

సమాచార హక్కు చట్టం కింద తెల్ల కాగితం మీద పంచాయతీ ఆఫీసుకు రాయండి. "ఫలానా తేదీ గ్రామసభ తీర్మానాల నకలు ఇవ్వగలరు" అంటే చాలు. గ్రామస్థాయిలో దరఖాస్తు ఫీజు లేదు. 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి.

కూలి పోతుందని సభ మానేసేవాళ్లు చాలామంది. ఆ ఇబ్బంది నిజమే. అందరికీ కుదరకపోతే ఇంటికి ఒక్కరైనా వెళ్లండి. వచ్చే సభ ఏ తేదీనో ఈరోజే కార్యదర్శిని అడిగి తెలుసుకోండి. పక్కింటివాళ్లకూ చెప్పండి.