వ్యవసాయ సమాచార ఫైళ్ల నుండి హెచ్‌టిఎంఎల్ ట్యాగుల తొలగింపు: పాటించవలసిన క్రమం

వెబ్ పుటల రూపంలో ఉన్న పాత సాంకేతిక బులెటిన్లను సంక్షిప్త సందేశాలకు, పద విశ్లేషణకు వినియోగించాలంటే వాటిలోని హెచ్‌టిఎంఎల్ ట్యాగులను తొలగించి సాదా పాఠంగా మార్చుకోవాలి. పది, పదిహేను పంక్తుల పైథాన్ స్క్రిప్టు ఇందుకు సరిపోతుంది. అయితే ట్యాగుతో పాటు శాస్త్రీయ సమాచారం కూడా తొలగిపోయే ప్రమాదం ఉన్నందున ఈ పనిని నిర్ణీత క్రమంలో చేయాలి.

సమస్య

సాధారణంగా వాడే నమూనా <[^>]+>. ఎడమ కోణ చిహ్నం నుండి తరువాత వచ్చే కుడి కోణ చిహ్నం వరకు ఉన్న భాగాన్నంతటినీ ఇది తొలగిస్తుంది. నేలలో లభ్య నత్రజని స్థాయిలను (హెక్టారుకు కిలోలలో) తెలిపే ఈ వాక్యాన్ని పరిశీలించవచ్చు: "తక్కువ <280, మధ్యస్థం 280-560, అధికం >560". పై నమూనాను ప్రయోగిస్తే మిగిలేది "తక్కువ 560" మాత్రమే. స్క్రిప్టు ఎటువంటి దోషాన్నీ చూపదు. వాక్యం కూడా అర్థవంతంగానే కనిపిస్తుంది. కానీ దానిని అనుసరిస్తే 400 కిలోల నత్రజని ఉన్న మధ్యస్థ నేలను తక్కువ స్థాయి నేలగా భావించి, అనవసరంగా అదనపు యూరియాను సిఫారసు చేయడం జరుగుతుంది.

పాటించవలసిన క్రమం

1. మూల ఫైలును భద్రపరచి, నకలుపైనే పని చేయాలి. ఫైలును యుటిఎఫ్-8 సంకేత విధానంలో తెరవాలి. ఇందులో ఒక్కొక్క తెలుగు అక్షర సంకేతం 3 బైట్లు ఆక్రమిస్తుంది. వేరే విధానంలో తెరిస్తే పాఠం చెడిపోతుంది.

2. స్టైల్, స్క్రిప్ట్ భాగాలను వాటి లోపలి విషయంతో సహా తొలగించాలి.

3. ఘాతాంక ట్యాగు స్థానంలో ^ చిహ్నాన్ని ఉంచాలి. లేనిచో జీవన ఎరువులోని సూక్ష్మజీవుల సంఖ్య 10⁸ కాస్తా 108గా మారుతుంది.

4. పట్టికలో గడి ముగిసిన చోట ట్యాబును, వరుస ముగిసిన చోట కొత్త పంక్తిని చేర్చాలి. లేనిచో పక్కపక్క గడులలోని 120, 60, 40 కలిసి 1206040 అవుతాయి.

5. ఎడమ కోణ చిహ్నం వెంటనే ఆంగ్ల అక్షరం, ఏటవాలు గీత లేదా ఆశ్చర్యార్థకం ఉన్నప్పుడే దానిని ట్యాగుగా పరిగణించి తొలగించాలి. <280లో చిహ్నం తరువాత అంకె ఉన్నందున అది యథాతథంగా నిలుస్తుంది.

6. & చిహ్నంతో మొదలయ్యే సంకేత రూపాలను చివరలోనే అసలు చిహ్నాలుగా మార్చాలి. ముందే మార్చితే వాటి నుండి వచ్చే కోణ చిహ్నాలు ట్యాగులుగా పొరబడవచ్చు.

7. అదనపు ఖాళీలను తగ్గించవచ్చు. కానీ కంటికి కనిపించని జీరో విడ్త్ నాన్ జాయినర్‌ను తొలగించరాదు. అది లేనిచో "ప్లాట్‌లో" అనే పదం "ప్లాట్లో"గా మారి, పద గణనలో వేరే పదంగా నమోదవుతుంది.

సరిచూచుట

ట్యాగుల లోపల వెడల్పు, రంగు వంటి వాటిని తెలిపే అంకెలు ఉంటాయి. కనుక శుద్ధి చేసిన పాఠంలోని అంకెలను మూల ఫైలుతో కాక, బ్రౌజరులో కనిపించే పుటతో పోల్చాలి. మోతాదులు, పట్టికలు ఉన్న పంక్తులను ఒక్కటి కూడా విడువక చదవాలి. అక్షర దోషాన్ని పాఠకుడు గుర్తించి సరిదిద్దుకోగలడు. తప్పు అంకెను మాత్రం నిజమని నమ్మి రైతు పొలంలో అమలు చేస్తాడు. అందువలన అంకెలు సరిచూడని పాఠాన్ని సలహా సందేశంగా పంపరాదు.