తుపాకీకి ఒక్కటే పని

జగిత్యాల, కోరుట్ల వైపు ఒక ఇంట్లో ఎయిర్ గన్ కనబడిందంటే ఆ ఇంట్లో షూటర్ ఉన్నాడని అనుకోనక్కర్లేదు. ఎక్కువగా కోతుల కోసం తెచ్చిందే అయ్యుంటుంది. మామిడితోట కాపలాకో, మక్కచేను కోసమో, బంగ్ల మీద ఎండబెట్టిన మిరపకాయల కోసమో కొని, తలుపు వెనక ఆనించి పెడతారు. ఈలోగా ఇంట్లో పన్నెండేళ్ల బిడ్డ టీవీలో ఒలింపిక్స్ చూస్తుంది. నేనూ షూటింగ్ నేర్చుకుంటానని పట్టుబడుతుంది. తుపాకీ ఉండనే ఉంది, వెనక పెరడు ఉండనే ఉంది, ఇంకేం కావాలని మీకూ అనిపిస్తుంది.

ముందు ఆ తలుపు వెనక తుపాకీని ఈ లెక్కలోంచి తీసేయండి. దానితో మొదలుపెట్టొద్దు.

కారణం చెబుతాను. షూటింగ్‌లో బిడ్డ మొట్టమొదట నేర్చుకోవాల్సింది గురి కాదు, గొట్టం ఎటు తిరిగి ఉందన్న ఎరుక. అది టార్గెట్ కార్డు వైపో, నేల వైపో తప్ప మరెటూ తిరగకూడదు. పొద్దున బాబాయి అదే తుపాకీని గోడ మీది కోతి మీదికి ఎత్తడం చూసి, సాయంత్రం దాన్నే తన చేతిలోకి తీసుకుంటే, మీరు నోటితో చెప్పిన నియమం కంటే కళ్లతో చూసిందే మనసులో నిలుస్తుంది. మగపిల్లలైతే రెండో వారానికే కరెంటు తీగ మీది పావురం కేసి చూడటం మొదలవుతుంది. దసరా నాడు చూసి దండం పెట్టుకునే పాలపిట్ట మన తెలంగాణ రాష్ట్ర పక్షి. దాన్ని కొడితే 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద నేరం. కోతినో కుక్కనో గాయపరిస్తే 1960 నాటి జంతు హింస నిరోధక చట్టం ఉంది. అరుణాచల్ ప్రదేశ్‌లో ఎయిర్ గన్లతో పిట్టల వేట ఎంత ముదిరిందంటే, 2021లో అక్కడి ప్రభుత్వం ఇంటింటి నుంచీ ఆ తుపాకులను వెనక్కి ఇప్పించే ఉద్యమమే చేపట్టాల్సి వచ్చింది.

ఇంకో కారణం బలం. 0.177 అంగుళాల గొట్టం, 20 జౌళ్లకు లోపు శక్తి ఉన్న ఎయిర్ రైఫిల్‌కు మన దేశంలో లైసెన్సు అడగరు. లైసెన్సు లేదు కాబట్టి బొమ్మే అనుకుంటాం. పోటీల్లో వాడే రైఫిల్ పెల్లెట్‌ను దాదాపు 7 జౌళ్లతోనే పంపుతుంది. కాగితానికి చిల్లు పడితే చాలు కదా. కోతుల కోసం కొన్న స్ప్రింగ్ తుపాకీ అంతకు రెండింతలు, మూడింతలు కొట్టొచ్చు. కంటికి తగిలితే ఆ 7 జౌళ్ల పెల్లెట్ కూడా చూపు తీసేస్తుంది. పిల్లలకు ఇవ్వాల్సింది తక్కువ బలం, ఎక్కువ నిలకడ ఉన్న తుపాకీ. మనం చేతికందిందని ఎక్కువ బలం, తక్కువ నిలకడ ఉన్నదాన్ని ఇస్తాం.

ఇంట్లో పెద్దవాళ్లుంటే వాళ్లతో ఒకమాట మాట్లాడాలి. ఇది మర్యాద కోసం చెప్పడం లేదు. 1978 అక్టోబరులో సిరిసిల్ల, జగిత్యాల తాలూకాలను కల్లోలిత ప్రాంతాలుగా ప్రకటించిన రోజులు తాతలకు గుర్తున్నాయి. ఆ తర్వాతి ఏళ్లలో ఈ ఊళ్లలో తుపాకీ అంటే ఏమిటో వాళ్లు చూశారు. మనవరాలి చేతిలో తుపాకీ ఆకారం చూసి అవ్వ ఉలిక్కిపడితే నవ్వకండి. దగ్గర కూచోబెట్టి పెల్లెట్ అరచేతిలో పెట్టి చూపించండి, కార్డు చూపించండి. పక్కింటివాళ్లకూ ముందే చెప్పండి. ఒకసారి ఠాణాకు వెళ్లి, బిల్లు జిరాక్సు చేతికిచ్చి, ఇంట్లో ఫలానా ఆట నేర్పిస్తున్నామని చెప్పి వస్తే మరీ మంచిది. ఎవరో గోడ మీంచి చూసి ఫోన్ చేశాక సంజాయిషీ ఇచ్చుకోవడం కంటే అది తేలిక. ఇన్‌స్టాగ్రామ్‌లో తుపాకీ పట్టుకున్న రీల్స్ మాత్రం వద్దే వద్దు. ఈ ఒక్క విషయంలో బతిమాలడాలూ, వివరించడాలూ అక్కర్లేదు.

ఇంట్లో సాధన చేయడం మనవాళ్లకు కొత్త కాదు. హైదరాబాద్‌లో పెరిగిన గగన్ నారంగ్ బేగంపేటలో తమ ఇంటి పెరట్లో గాలిబుగ్గలు కొట్టడంతో మొదలుపెట్టి, 2012 లండన్ ఒలింపిక్స్‌లో 10 మీటర్ల ఎయిర్ రైఫిల్ కాంస్యం దాకా వెళ్లారు. ఈషా సింగ్ కోసం తండ్రి సచిన్ సింగ్ ఇంట్లోనే కాగితపు టార్గెట్ల రేంజి ఏర్పాటు చేశారు. ఆ అమ్మాయి 2018లో, 13 ఏళ్లకే, ఎయిర్ పిస్టల్‌లో సీనియర్ జాతీయ విజేత అయింది. హాంగ్‌జౌ ఆసియా క్రీడల నుంచి నాలుగు పతకాలు తెచ్చింది. 2008లో బీజింగ్‌లో బంగారు పతకం గెలిచిన అభినవ్ బింద్రాకైతే ఇంటి ఆవరణలోనే రేంజి ఉండేది. ఈ కథల్లో ఒకటి మాత్రం తల్లిదండ్రులను తప్పుదోవ పట్టిస్తుంది. నారంగ్ తుపాకీ కోసం వాళ్లమ్మానాన్న ప్లాటు అమ్మేశారని పత్రికల్లో చాలాసార్లు వచ్చింది. అమ్మి గెలిచినవాళ్ల సంగతే మనకు తెలుస్తుంది. అమ్మి గెలవనివాళ్ల గురించి ఎవరూ రాయరు. విదేశీ పోటీ రైఫిల్ లక్షల్లో ఉంటుంది, షూటింగ్ కోటూ ప్యాంటూ వేరే. ఎదిగే పిల్లకు ఆ కోటు రెండేళ్లలో పొట్టిదైపోతుంది. మొదటి ఏడాది దేశంలో తయారైన మామూలు టార్గెట్ రైఫిల్ చాలు. పొలం జోలికి పోవద్దు.

ఇక ఇంట్లో పది మీటర్లు ఎక్కడ? అంటే దాదాపు 33 అడుగులు. సిరిసిల్ల పాత ఇళ్లు ముందు అర్ర నుంచి వెనక పెరడు దాకా పొడుగ్గా ఉంటాయి, కొలిస్తే దొరుకుతుంది. కానీ ఆ దారిలో ఒక్క తలుపు కూడా మధ్యలో తెరుచుకోకూడదు. వంటింటి తలుపు, బాత్రూం తలుపు, మేకపిల్ల దూరే సందు, ఏదైనా సరే. తెరుచుకునేది ఉంటే ఆ చోటు పనికిరాదు, ఎంత బాగున్నా. "కొట్టేటప్పుడు రావద్దని చెప్పాం" అంటారు. మూడేళ్ల తమ్ముడికి చెప్పి చూడండి. అంత పొడుగు దొరక్కపోతే ఏడు మీటర్లతోనే మొదలుపెట్టి టార్గెట్‌ను ఆ మేరకు చిన్నది చేసుకోవచ్చు. నడుస్తున్న సాంచాల (మరమగ్గాల) షెడ్డులో మాత్రం వద్దు. ఆ మోతలో "ఆగు" అన్న కేక వినబడదు.

టార్గెట్ వెనక పెల్లెట్‌ను పట్టే పెట్టె కావాలి. ఉత్త గోడకు కార్డు అంటిస్తే సీసపు ముక్క తిరిగొచ్చి కొట్టినవాళ్ల మొహానికే తగలొచ్చు. మందపాటి చెక్కపెట్టెలో, సాంచాల దగ్గర మూటలు మూటలుగా దొరికే చింకిగుడ్డలను గట్టిగా కుక్కి, వెనక ఇనుప ప్లేటు పెట్టండి. ఆ పెట్టెను గట్టి ఇటుక గోడకు ఆనించండి. రేకుల గోడ, చెక్క తలుపు వెనకవైపు ఉండకూడదు. ఒక విషయం చాలామందికి తట్టదు. అన్ని పెల్లెట్లూ ఒకే చోట తగులుతుంటే గుడ్డ అక్కడే గుంటపడి పోతుంది. నెలకోసారి పెట్టె విప్పి గుడ్డలు కలియబెట్టి మళ్లీ కుక్కాలి. ఆ పని పెద్దవాళ్లదే, అందులో సీసం పొడి ఉంటుంది. కార్డు నడిమధ్య నేల నుంచి 1.4 మీటర్ల ఎత్తులో ఉండాలి. దాని మీద బాగా వెలుతురు పడాలి. కొట్టేవాళ్లకూ, ఒకవేళ పక్కన నిలబడితే మీకూ, కళ్లద్దాలు తప్పనిసరి.

సాధన లేనప్పుడు తుపాకీ ఒకచోట తాళంలో, పెల్లెట్లు మరోచోట తాళంలో ఉండాలి. రెండు తాళంచెవులూ అమ్మ దగ్గరో నాన్న దగ్గరో. పిల్లది ఎంత బుద్ధిమంతురాలైనా సరే. ఆమె స్నేహితురాళ్లు ఇంటికొస్తారు కదా.

ఇంతా చేశాక, మొదటి రెండు నెలలు పెల్లెట్లు దాదాపు అక్కర్లేదంటే మీరు నమ్మరు. పది మీటర్ల రైఫిల్ కార్డులో నల్లటి గుండ్రం పది రూపాయల బిళ్ల కంటే కొంచెమే పెద్దది. దాని మధ్య పది పాయింట్ల చుక్క అర మిల్లీమీటరు. పోటీలో 60 సార్లు కొట్టాలి, 75 నిమిషాల్లో. అంతసేపు నిలబడి, తుపాకీని కండరాల బలంతో కాకుండా ఎముకల మీద ఆనించి మోయడం, ఊపిరి సగం వదిలి ఆపడం, ట్రిగ్గర్‌ను లాగకుండా మెల్లగా నొక్కడం, పెల్లెట్ పోయాక కూడా ఒక క్షణం అలాగే నిలవడం, ఇదే ఆట. ఇందులో చాలా భాగం తెల్లగోడ ముందు ఉత్త చేతులతో, ఉత్త తుపాకీతో వస్తుంది. కార్డు కూడా అక్కర్లేదు. అగ్గిపెట్టెలో పట్టే చీర నేసిన నల్ల పరంధాములు గారి ఊరు సిరిసిల్లలో సన్నటి పనికి ఎంత ఓపిక కావాలో ఎవరూ చెప్పనక్కర్లేదు. ఒక జాగ్రత్త ఉంది. స్ప్రింగ్ తుపాకీని పెల్లెట్ లేకుండా పేల్చితే లోపల పిస్టన్ దెబ్బతింటుంది. పోటీ రైఫిళ్లలో ఉత్తగా నొక్కే ఏర్పాటు వేరే ఉంటుంది. అది లేని తుపాకీతో ట్రిగ్గర్ జోలికి పోకుండా పట్టుకుని నిలబడటమే చేయించండి.

అందుకే నా లెక్కలో ఇల్లు ఉన్నది నిలబడటానికి, రేంజి ఉన్నది కొట్టడానికి. ఎన్‌సీసీ ఉన్న బడి అయితే రైఫిల్ క్రమశిక్షణ అక్కడ కొంత అలవాటవుతుంది. పండగ సెలవుల్లో హైదరాబాద్ తీసుకెళ్లి ఏదైనా అకాడమీలో కోచ్‌తో నాలుగు రోజులు నిలుచునే తీరు దిద్దించుకొస్తే, మిగతా మూడు నెలలు ఇంట్లో అదే చేసుకోవచ్చు. తప్పు తీరుతో ఇంట్లో రోజూ వంద కొట్టిన పిల్ల కంటే ఆ పిల్లే ముందుంటుంది. తప్పు కుదురుకున్నాక విడిపించడం కోచ్‌కు పెద్ద శ్రమ.

ఒళ్లు కూడా చూడాలి. పోటీ రైఫిల్ 5.5 కిలోల దాకా ఉండొచ్చు. రైఫిల్ షూటర్ నిలబడేటప్పుడు వెన్ను ఒకవైపు వంచి, వెనక్కి వాలుతారు. ఎదిగే వయసులో గంటల తరబడి అలా నిలబెడితే నడుం పట్టేస్తుంది. మొదట స్టాండు మీద ఆనించి కొట్టించండి. పదిహేను, ఇరవై నిమిషాలు చాలు. తర్వాత అటువైపు వంగిన ఒళ్లును ఇటువైపు వంచే కసరత్తు, కాస్త పరుగు. నడుం నొప్పి అన్న రోజు సాధన లేదు. బక్కగా ఉన్న పిల్లలకు తేలికైన పిస్టల్ మేలేమో కోచ్‌ను అడగండి. మా వాడు ఆటలకు పనికిరాడు అనుకునే తల్లిదండ్రులు మరో సంగతి గుర్తుంచుకోవాలి. వినికిడి లేని హైదరాబాద్ కుర్రాడు ధనుష్ శ్రీకాంత్ 2022లో బ్రెజిల్ డెఫ్లింపిక్స్‌లో 10 మీటర్ల ఎయిర్ రైఫిల్ స్వర్ణం గెలిచాడు. వేగంగా పరిగెత్తలేనివాళ్లకూ, గట్టిగా అరవలేనివాళ్లకూ చోటున్న ఆట ఇది.

సాధన అయ్యాక చేతులు సబ్బుతో కడిగించాకే తిండి. పెల్లెట్లు సీసం. నోట్లో పెట్టుకుని ఒక్కొక్కటీ తీసే అలవాటు కొందరు పిల్లలకుంటుంది, మొదటి రోజే మాన్పించండి.

దుబాయిలోనో సౌదీలోనో ఉన్న బాపులకు ఒక మాట. వచ్చేటప్పుడు తుపాకీ తేవాలని చూడొద్దు, ఎయిర్ గన్ అయినా సరే. అక్కడి విమానాశ్రయంలోనూ ఇక్కడి కస్టమ్స్‌లోనూ చిక్కే. వీడియో కాల్‌లో "ఏదీ, ఒక్కటి కొట్టి చూపించు" అనకండి. ఫోను వైపు తిరిగిన పిల్ల చేతిలో తుపాకీ కూడా అటే తిరుగుతుంది. "ఎన్ని పదులు పడ్డాయి" అని రోజూ అడగడం కూడా వద్దు. పదుల లెక్క మీకోసం మొదలైందంటే పిల్ల తొందరపడి ట్రిగ్గర్ లాగుతుంది, చెడ్డ కార్డులు దాచేస్తుంది. వారానికో కార్డు వెనక తేదీ వేసి ఫోటో పంపమనండి. ఆరు నెలలకు వాటిని వరసగా పెట్టి చూస్తే చిల్లులు దగ్గరికి చేరుతున్నాయో లేదో మీకే తెలుస్తుంది.

ఏడాది తిరిగేలోపు పిల్ల మానేస్తానంటే మానేయనివ్వండి. చాలామంది మానేస్తారు. అప్పుడు తుపాకీని అటక మీద పడేయకండి, కొత్తగా నేర్చుకునే మరో పిల్ల తల్లిదండ్రులకు బిల్లుతో సహా అమ్మేయండి. పొట్టిదైన కోటుకు కూడా అకాడమీల దగ్గర గిరాకీ ఉంటుంది.