కొబ్బరిలో కొమ్ము పురుగు, ఎర్రముక్కు పురుగు: తులనాత్మక పరిశీలన

కొమ్ము పురుగు, ఎర్రముక్కు పురుగు రెండూ పెంకు పురుగుల క్రమమైన కోలియాప్టెరాకు చెందినవే. అయితే మొదటిది స్కారబేయిడే, రెండవది కర్కులియోనిడే కుటుంబానికి చెందుతాయి. కుటుంబభేదం వాటి జీవన విధానంలోను, తత్ఫలితంగా యాజమాన్యంలోను ప్రతిఫలిస్తుంది.

గుర్తింపు: కొమ్ము పురుగు నల్లగా, బలిష్ఠంగా ఉంటుంది. తలపై కొమ్ము మగ పురుగులో పొడవుగా, ఆడ పురుగులో పొట్టిగా ఉంటుంది. ఎర్రముక్కు పురుగు ఎరుపు గోధుమ రంగులో ఉండి, తల ముందుకు పొడవైన ముక్కువలె సాగి ఉంటుంది. మగ పురుగు ముక్కుపై వెంట్రుకల కుచ్చు కనిపిస్తుంది. కొమ్ము పురుగు గ్రబ్బుకు మూడు జతల కాళ్లుండగా, ఎర్రముక్కు పురుగు గ్రబ్బుకు కాళ్లుండవు.

నష్టపరిచే దశ: కొమ్ము పురుగులో పెద్ద పురుగే హానికరం. ఇది విచ్చుకోని మొవ్వును తొలచడం వల్ల, ఆకు విచ్చుకొన్న తరువాత త్రికోణాకారపు కోతలు కనిపిస్తాయి. దీని గ్రబ్బు చెట్టును ఆశించదు. పశువుల ఎరువు దిబ్బలలో, కుళ్లిన మొదళ్లలో పెరుగుతుంది. ఎర్రముక్కు పురుగులో ప్రధాన నష్టం గ్రబ్బు వల్లనే. ఇది కాండం లోపలి మెత్తని భాగాన్ని తింటుంది. రంధ్రాల నుండి గోధుమ రంగు ద్రవం కారడం, నమిలిన పీచు బయటపడడం దీని లక్షణాలు. మొవ్వు వాలేనాటికి చెట్టును కాపాడుకోవడం కష్టం.

పరస్పర సంబంధం: కొమ్ము పురుగు చేసిన గాయాలలో ఎర్రముక్కు పురుగు గ్రుడ్లు పెడుతుంది. దానివల్ల చనిపోయిన చెట్టును తోటలోనే వదిలివేస్తే, కుళ్లిన ఆ మాను తిరిగి కొమ్ము పురుగు సంతానోత్పత్తి స్థానమవుతుంది.

యాజమాన్యం: ఈ వలయాన్ని రెండు చోట్లా ఛేదించాలి. ఎరువు దిబ్బలలో మెటారైజియం అనైసోప్లియే శిలీంద్రాన్ని కలపాలి. మొవ్వులోని కొమ్ము పురుగులను ఇనుప కొక్కెంతో తీసివేయాలి. మట్టలను కాండానికి ఆనుకొని నరకరాదు. కాండానికి గాయాలు కానీయరాదు. చనిపోయిన చెట్లను చీల్చి, లోపలి పురుగులతో సహా తగులబెట్టాలి. ఆకర్షక బుట్టలలోని ఎర ఒక్కొక్క జాతికి ప్రత్యేకం. ఒకదాని ఎరతో రెండవది అదుపు కాదు.

కనుక కోతపడిన ఆకును చూచిన విస్తరణ శాస్త్రవేత్త మొవ్వుతో పరిశీలన ముగించక, కాండాన్ని, సమీపంలోని ఎరువు దిబ్బను కూడా పరీక్షించడం అవసరం.