ముందు టేపు, తర్వాత టీవీ

టీవీ కొనాలని నిర్ణయించుకున్నారు. మంచిది. కానీ ఇప్పుడే షోరూమ్‌కి వెళ్ళకండి. కొలత టేపు పట్టుకుని మీ గదిలోకి వెళ్ళండి.

విశాఖలో ఉండేవాళ్ళు సైజు తప్పితే మర్నాడే ఆటోలో పెట్టుకెళ్ళి మార్చుకుంటారు. మీరుండేది అరకులోనో, డుంబ్రిగుడలోనో, ముంచింగిపుట్టు క్వార్టర్స్‌లోనో. అరకు నుంచే విశాఖ సుమారు 115 కిలోమీటర్లు. మధ్యలో అనంతగిరి ఘాట్. ఒకసారి కొండెక్కిన టీవీని మళ్ళీ దింపడం పెద్ద పని. కాబట్టి ఒక అలవాటు చేసుకోండి: నిర్ణయం ఇంట్లో, బిల్లు షాపులో. ఇది ఎవరైనా నేర్చుకోగలరు. మీరూ నేర్చుకుంటారు.

గదిని అడగండి

మీరు కూర్చునే చోటు నుంచి తెర వచ్చే చోటు దాకా కొలవండి. నా లెక్క ఇది: 5 అడుగుల లోపైతే 24 అంగుళాలు, 5 నుంచి 7 అడుగులైతే 32. అంతకు మించి దూరం ఉంటేనే 40, 43 గురించి ఆలోచించండి. మంచం, బీరువా పోగా మిగిలిన చిన్న గదికి చాలాసార్లు 32 సరిపోతుంది.

టీవీ సైజు చెప్పేది మూల నుంచి మూలకు. 32 అంగుళాల వైడ్‌స్క్రీన్ తెర వెడల్పు సుమారు 28, ఎత్తు సుమారు 16 అంగుళాలు. పాత 21 అంగుళాల డబ్బా టీవీ తీసేసి 24 తెచ్చుకుంటే, తెర వెడల్పు పెరుగుతుంది కానీ ఎత్తు దాదాపు అంతే. మనుషుల మొహాలు పెద్దగా కనిపించాలంటే 32కే వెళ్ళండి.

నమ్మకం కుదరలేదా? పాత పేపరు 28 బై 16 కత్తిరించి గోడకి అంటించండి. రెండు రాత్రులు ఉంచండి. తలుపు తగులుతోందా, కిటికీ వెలుగు పడుతోందా, చాప మీద కూర్చుంటే మెడ ఎత్తాల్సి వస్తోందా, అన్నీ తెలిసిపోతాయి. కింద కూర్చుని చూసే ఇంట్లో టీవీ కూడా కిందికి రావాలి. తెర మధ్యభాగం మీ కళ్ళ ఎత్తులో ఉండాలి. మట్టిగోడ అయితే మేకులు వద్దు, గట్టి బల్ల చాలు.

హోమ్‌స్టే నడుపుతున్నారా? కొండ కనిపించే కిటికీ పక్క గోడకి టీవీ పెట్టకండి. అతిథి వచ్చింది ఆ కొండ కోసమే.

పక్కింటి 43ని మర్చిపోండి

2025 సెప్టెంబర్ 22 నుంచి 32 అంగుళాలు దాటిన టీవీల మీద జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి తగ్గింది. పెద్ద సైజు మీద ఆశ పెరిగింది. కాఫీ డబ్బు చేతికొచ్చిన వారంలో ఆ ఆశ ఇంకా పెరుగుతుంది. షాపులో "ఇంకో మూడు వేలు వేస్తే" అనే మాట తప్పకుండా వస్తుంది. మీ జవాబు ఇంట్లోనే సిద్ధం చేసుకోండి: "మా గదికి ఇది చాలండి." పైకే అనండి. రెండుసార్లు అనండి. ఆత్మవిశ్వాసం ఇలాంటి చిన్న మాటల దగ్గరే అలవాటవుతుంది.

మిగిలిన డబ్బుతో పని ఉంది.

కొండకి కావాల్సినవి

ముందు సిగ్నల్ చూసుకోండి. ఊళ్ళో ఇంటర్నెట్ సరిగా రాకపోతే స్మార్ట్ టీవీకి ఎక్కువ పెట్టడం అనవసరం. డీడీ ఫ్రీ డిష్‌కి నెలవారీ చందా లేదు, డిష్, బాక్సు ఒక్కసారి కొంటే చాలు. మన వైపు ఆ డిష్ దక్షిణానికి కాస్త తూర్పుగా, ఆకాశంలో బాగా ఎత్తుకి చూడాలి. అంత ఎత్తుకి చూస్తుంది కాబట్టి కొండ అడ్డురావడం అరుదు. ఇంటి పక్క సిల్వర్ ఓక్ మాత్రం అడ్డొస్తుంది. చోటు చూసి బిగించండి.

ఇక పిడుగులు. దీని మీద నేను గట్టిగానే చెప్తాను. సర్జ్ ప్రొటెక్టర్ కొనండి, కానీ దాన్నొక్కదాన్నే నమ్ముకోకండి. ఉరుము దూరంగా వినిపిస్తుండగానే ప్లగ్ పీకండి, టీవీ వెనక డిష్ కేబులూ పీకండి. చాలామంది కేబుల్ వదిలేస్తారు. పిడుగు దెబ్బ ఆ తీగ వెంట కూడా వస్తుంది. ఇంట్లో పిల్లలకీ నేర్పండి: ఉరుము దగ్గరికొచ్చేశాక మాత్రం ఏ తీగా ముట్టుకోకూడదు.

పొయ్యి పొగ నేరుగా తగిలే చోట టీవీ పెట్టకండి. చలికాలం తెచ్చిన టీవీ బాగా చల్లబడి ఉంటే, గది వేడికి అలవాటు పడేదాకా స్విచ్ వేయకండి, లోపల చెమ్మ పట్టి ఉండొచ్చు.

కరెంటు బిల్లు గురించి భయం వద్దు. 50 వాట్ల టీవీ రోజుకి నాలుగు గంటలు నడిస్తే నెలకి 6 యూనిట్లే.

కొనే రోజు ఈ మూడూ చేయండి:

• మీ పిన్‌కోడ్ చెప్పి, సర్వీస్ మనిషి ఇంటికొస్తాడో లేదో అడగండి. రాడంటే ఇంకో బ్రాండ్ చూడండి.

• పెట్టె తెరిపించి, స్విచ్ వేయించి, తెరంతా చూడండి.

• జీపులో గానీ బస్సులో గానీ నిలబెట్టే తీసుకెళ్ళండి. పడుకోబెడితే ఘాట్ మలుపుల్లో ప్యానెల్ పగలొచ్చు. పక్కన ఒక మనిషి పట్టుకుని కూర్చోవాలి.