మౌఖిక పరీక్ష - మెలకువలు

పాఠ్యభాగ ఉద్దేశం: ఉద్యోగ ప్రయత్నంలో చదువుతోపాటు మాట, నడవడి ఎంత ముఖ్యమో తెలియజేస్తూ, మౌఖిక పరీక్షలో సాధారణంగా దొర్లే పొరపాట్లను, వాటి నివారణోపాయాలను వివరించడం ఈ పాఠం ఉద్దేశం.

పాఠ్యాంశం

విద్యాభ్యాసం ముగించిన యువతీయువకులు తమ యోగ్యతను నోటిమాటతో నిరూపించుకోవలసిన సందర్భమే మౌఖిక పరీక్ష. దీనినే ఇంటర్వ్యూ అంటున్నాం. కేంద్ర ప్రభుత్వం 2016 జనవరి 1 నుండి కింది స్థాయి ఉద్యోగాలకు దీనిని తొలగించినా, ఉన్నతోద్యోగాలకు, ప్రైవేటు కొలువులకు ఇది తప్పనిసరిగానే ఉంది. సివిల్ సర్వీసుల ఎంపికలో మొత్తం 2025 మార్కులకుగాను 275 మార్కులు మౌఖిక పరీక్షకే కేటాయించారు. అక్కడ దానికి వ్యక్తిత్వ పరీక్ష అని పేరు. అభ్యర్థికి ఎంత తెలుసు అన్నది రాత పరీక్షలోనే తేలిపోతుంది. అతడు ఎటువంటివాడు అన్నది ఎదురుగా కూర్చోబెట్టి మాట్లాడితేగాని తేలదు.

కొలువు కోరి పరుల ఎదుట నిలబడడం నేటి కొత్త ఆచారం కాదు. తిక్కన తన భారత రచనను ప్రారంభించిన విరాటపర్వంలో పాండవులు ఒక్కొక్కరుగా విరాటుని కొలువుకు వచ్చి పని అడుగుతారు. అజ్ఞాతవాస నియమాన్ని అనుసరించి వారు పేర్లు దాచుకున్నారేగాని, రాని విద్యను వచ్చునని ఎవరూ చెప్పలేదు. నకులుడు అశ్వశిక్షణను, గుర్రాలకు చేసే చికిత్సను, సహదేవుడు పశుపాలనను తమకు తెలిసిన పనులుగా వివరించారు. భీముని ఆకారం చూసి ఇతడు వంటవాడా అని విరాటుడు సందేహించాడు. భీముడు నొచ్చుకోలేదు. తాను చేయగల పనినే స్పష్టంగా చెప్పి కొలువు సంపాదించాడు. తన విద్యను తాను ఎరిగి ఉండడం, దానికి తగిన పనినే కోరడం, సందేహానికి శాంతంగా బదులివ్వడం అనే మూడు పాఠాలు ఈ ఘట్టంలో ఉన్నాయి.

నేటి అభ్యర్థులు చేసే మొదటి పొరపాటు తమ దరఖాస్తును తామే సరిగా చదువుకోకపోవడం. అభిరుచి అన్నచోట పుస్తక పఠనం అని రాస్తారు. ఇటీవల చదివిన పుస్తకం ఏది అని అడిగితే తడబడతారు. రాసిన ప్రతి మాటకూ ప్రశ్న ఎదురవుతుందని గుర్తించాలి. చేరదలచిన సంస్థ ఏ పని చేస్తుందో, తాము కోరే ఉద్యోగంలో బాధ్యతలేమిటో ముందుగా తెలుసుకోవాలి.

రెండవది, తెలియని విషయాన్ని తెలిసినట్లు నటించడం. పొరపాట్లన్నిటిలోనూ ఇదే పెద్దది. ఒక అబద్ధపు సమాధానం మరో ప్రశ్నకు దారి తీస్తుంది. దానిని కప్పిపుచ్చడానికి ఇంకొక అబద్ధం కావాలి. చివరకు నిజంగా తెలిసిన విషయాల మీద కూడా పరీక్షకులకు నమ్మకం పోతుంది. “క్షమించండి, ఈ విషయం నాకు తెలియదు” అని నెమ్మదిగా చెప్పినవానికి పోయేది ఒక్క సమాధానమే. నటించినవానికి పోయేది విశ్వాసం. లెక్కలు, రోగుల ప్రాణాలు, ప్రజల సొమ్ము అప్పగించదలచినవారు ముందుగా చూసేది ఆ విశ్వాసాన్నే.

మూడవది మాటకు సంబంధించినది. ప్రశ్న పూర్తికాకముందే అందుకోవడం, అడిగినదానికి పొడిమాటతో సరిపెట్టడం, కంఠస్థం చేసిన సమాధానాన్ని అప్పజెప్పడం తగవు. కిష్కింధాకాండలో తొలిసారి కలిసిన హనుమంతుని మాటతీరును శ్రీరాముడు ప్రశంసిస్తాడు. ఆ మాటలో సాగదీత లేదు, తొందర లేదు; స్వరం మధ్యమంగా ఉంది; ముఖంలోగాని కనుబొమలలోగాని ఏ వికారమూ లేదు. మౌఖిక పరీక్షకు ఇంతకంటే మంచి కొలబద్ద దొరకదు. తెలుగు మాధ్యమంలో చదివినవారు ఆంగ్లానికి జంకనవసరం లేదు. చిన్నచిన్న వాక్యాలలో తప్పులు లేకుండా చెబితే చాలు. సివిల్ సర్వీసుల వ్యక్తిత్వ పరీక్షకు నిబంధనలకు లోబడి తెలుగులోనే హాజరయ్యే అవకాశం కూడా ఉంది.

నాల్గవది నడవడి. కొలువులో ప్రవేశించబోయే పాండవులకు ధౌమ్యుడు సేవాధర్మాలు బోధించాడు. తగని ఆసనంలో కూర్చోరాదని, అడగనిదే సలహా చెప్పరాదని ఆయన హితవు. నిర్ణీత సమయానికంటే అరగంట ముందుగా చేరడం, సెల్‌ఫోను ఆపివేయడం, అనుమతి పొంది కూర్చోవడం నేటి సేవాధర్మాలు. తెర ద్వారా జరిగే ఇంటర్వ్యూకు వెలుతురు, శబ్దం, విద్యుత్తు సంగతి ముందే సరిచూసుకోవాలి. పూర్వం పనిచేసిన చోటును నిందించరాదు. రేపు తమనూ ఇలాగే నిందిస్తాడని వినేవారు భావిస్తారు. జీతం గురించి అడగడం తప్పు కాదు. మొదటి మాటగా అడగడమే తప్పు.

ఈ గుణాలు పరీక్షకు ముందురోజు అలవడేవి కావు. తరగతిలో లేచి సందేహం అడగడం, మిత్రుల ముందు ఒక విషయాన్ని ఐదు నిమిషాలు వివరించడం, తప్పును ఎవరైనా చూపితే దిద్దుకోవడం కళాశాల రోజులలోనే అభ్యసించాలి. ఒకసారి ఎంపిక కానంత మాత్రాన అయోగ్యుడని అర్థం కాదు. ఎక్కడ తడబడ్డాడో ఆ సాయంత్రమే రాసి ఉంచుకొన్నవానికి ఆ ఓటమి కూడా పాఠమే అవుతుంది.

కఠిన పదాలకు అర్థాలు

మౌఖికం = నోటితో చేసేది
కొలువు = రాజసభ, ఉద్యోగం
కొలబద్ద = కొలిచే సాధనం, ప్రమాణం
హితవు = మేలు కోరి చెప్పే మాట

ప్రశ్నలు

1. మౌఖిక పరీక్షలో దొర్లే పొరపాట్లను, వాటి నివారణను వివరించండి.
2. విరాటుని కొలువు ఘట్టం నేటి అభ్యర్థులకు నేర్పే పాఠాలేమిటి?
3. తెలియనిది తెలియదని చెప్పడం వల్ల కలిగే మేలు ఏమిటి?