ఇంటికి వచ్చిన పిల్లి

గత సంవత్సరము శ్రావణమాసమున ఒకనాటి సాయంకాలము మా యింటి వసారాలోనికి ఒక పిల్లి వచ్చినది. బూడిదవన్నె మేను, దానిపై నల్లని చారలు, తోక చివర కొంచెము వంకర. మూడు దినములనుండి ముసురు పట్టియుండెను. కాశీపూర్ కొండలలో ముసురు పట్టినచో నెట్లుండునో మీ రెఱుగనిది కాదు. ఎదుటి కొండయే కానరాదు. ఆ పిల్లి నిలువెల్ల తడిసి, కట్టెలమోపు ప్రక్క నక్కి, మమ్ము చూచి అఱచినది. మేము దానికి ఒక పాత గోనెపట్ట పఱచితిమి. గిన్నెతో పాలు పోసితిమి. లోనికి పిలిచి తలుపు వేసితిమి. మఱునాడు వసారా స్తంభమునకు ఒక ప్రకటన అంటించితిమి. ఒక ప్రాణిని రక్షించితిమను సంతోషముతో నుంటిమి. తరువాత తెలిసినదానినిబట్టి చూడగా ఆ నాలుగు పనులలో గోనెపట్ట యొక్కటియే సరియైనది. తక్కిన మూడును ఎట్లు తప్పులైనవో విద్యార్థులకు చెప్పుటకే యీ పాఠము వ్రాయుచున్నాము.

ముందుగా పేరు. అమరసింహుడు తన నిఘంటువున పిల్లికి ఓతువు, బిడాలము, మార్జారము, వృషదంశకము, ఆఖుభుక్కు అని అయిదు పేర్లు చెప్పినాడు. కడపటి రెండును ఎలుకలను తినుటనుబట్టి వచ్చినవి. మార్జార శబ్దము శుభ్రపఱచుట యను అర్థముగల ధాతువునుండి పుట్టినది. పిల్లి తన మేనిని తానే నాకికొని శుభ్రపఱచుకొనును గదా! ఒడియాలో దీనిని బిలేయి యందురు, హిందీలో బిల్లీ. ఈ మాటలకును మన పిల్లికిని గల పోలిక చెవికే తెలియును. దాని విచారణ వేఱొక పాఠమునకు దగినది. ఇప్పుడు మనకు కావలసినది మార్జార శబ్దము చెప్పు సంగతి. నాకికొనుట మానిన పిల్లి, వెండ్రుకలు జడలుకట్టి మాసియున్న పిల్లి, సామాన్యముగా రోగముతోనున్న పిల్లి. అంతేకాదు, దాని పాదములకు అంటినదెల్ల దాని కడుపులోనికి పోవును. నేల కడుగుటకు వాడు ఫినాయిలు వంటి ద్రవములు పిల్లికి విషము లగుట కిదియు నొక కారణము.

ఎద్దును, గుఱ్ఱమును మనుష్యుడు పట్టి తెచ్చి మచ్చిక చేసికొనెను. పిల్లి యట్లు కాదు. అది తానై వచ్చినది. పశ్చిమాసియాలో మొదటి సేద్యగాండ్రు ధాన్యము నిలువచేయగా ఎలుకలు చేరినవి. ఎలుకల వెంట పిల్లి చేరినది. సైప్రస్ ద్వీపమున సుమారు 9,500 సంవత్సరముల నాటి యొక సమాధిలో మనుష్యుని ప్రక్కన ఒక పిల్లిని పాతిపెట్టిన గుఱుతును పరిశోధకులు 2004లో ప్రకటించిరి. తానై వచ్చిన జంతువు గనుకనే నేటికిని పిల్లి ఒక గడపకు కట్టుబడి యుండదు. పిల్లి తన పిల్లలను ఏడిండ్లు త్రిప్పునని మన పెద్దలు చెప్పుమాట వట్టిది కాదు. కావున మన వసారాకు వచ్చిన పిల్లి తప్పిపోయినదే యని వెంటనే నిశ్చయింపరాదు. అది పొరుగువారి పెంపుడుపిల్లియై, మన వంటయింటి వాసనకు వచ్చియుండవచ్చును. త్రోవ తప్పినది కావచ్చును. ఎవరో గోనెసంచిలో వేసి తెచ్చి ఊరిచివర విడిచినది కావచ్చును. లేదా వీధిలోనే పుట్టి, మనుష్యుని చేయి ఎన్నడును తాకనిది కావచ్చును.

దీనిని తెలిసికొనుటకు తొందరపడక చూడవలెను. తోకను నిలువుగా నెత్తి మనవైపు వచ్చునది, మనవంక చూచి కన్నులు మెల్లమెల్లగా మూసి తెఱచునది మనుష్యులతో చెలిమి యెఱిగినది. చెవులు వెనుకకు అణచి, నేలకు కఱచుకొని, బుసకొట్టునది భయపడినది. అయితే భయపడినంతమాత్రమున అది వీధిపిల్లి యని చెప్పరాదు. ఒడిలో పెరిగిన పిల్లియైనను కొత్తచోట, వానలో, కుక్కల నడుమ చిక్కినపుడు అట్లే బుసకొట్టును. రెండుమూడు దినములు ఒకే వేళకు, కొంత దూరమునుండి చూచినవారికిగాని నిజము తెలియదు. మెడ చుట్టును పట్టీ కట్టిన ఒరపిడి యున్నదా? చెవికొన కొంచెము కత్తిరింపబడి యున్నదా? నగరములలో పిల్లలు పుట్టకుండ శస్త్రచికిత్స చేసిన వీధిపిల్లులకు అట్టి గుఱుతు పెట్టుదురు.

వీనియన్నిటికంటె ముందు చూడవలసినది పొట్ట. చన్నులు ఎఱ్ఱబాఱి, ఉబ్బి, వాని చుట్టును వెండ్రుకలు ఊడియున్నచో ఆ పిల్లికి ఎక్కడనో పాలుద్రాగు కూనలున్నవని యర్థము. అట్టి పిల్లిని ఒక్క గంటయైనను మూసిపెట్టరాదు. మేము దాని కన్నులు చూచితిమి, తోక చూచితిమి, పొట్ట చూడలేదు. చేతిలో లాంతరు లేకపోలేదు, ఆలోచన లేకపోయినది.

ప్రకటన మాట. మఱునాడు మేము తెల్లకాగితముపై దిద్దిన యక్షరములతో “ఒక బూడిదరంగు పిల్లి మా యింట నున్నది, సొంతదారులు వచ్చి గుఱుతు చెప్పి తీసికొనిపోవలెను” అని వ్రాసి అంటించితిమి. ఎనిమిదవ తరగతి విద్యార్థి యొకడు దానిని చదివి, తల గోకికొని, “మాస్టారూ, ఈ వీధిలో తెలుగు చదివేది మనమే కదండీ!” అనినాడు. నిజమే. ఈ జిల్లాలోని రాయగడ ప్రాంతము 1936 ఏప్రిల్ 1వ తేదీన ఒడిషా రాష్ట్ర మేర్పడువఱకు మద్రాసు రాజధానిలోని విశాఖపట్టణపు ఏజెన్సీలో నుండెను. 1992 అక్టోబరు 2న కోరాపుట్ జిల్లానుండి రాయగడ జిల్లా వేఱయ్యెను. ఎల్లలు మాఱినను వీధులు మాఱలేదు. ఒక సంతలో నిలిచినచో ఒడియా, కువి, తెలుగు మూడును చెవిని బడును. వ్రాసినదానిని చదువువా రెవరని యడుగకుండ వ్రాసితిమి. భాష చెప్పువారమైన మేమే యీ పొరపాటు చేసితిమి! ఆ బాలుడే క్రింద ఒడియాలో రెండు పంక్తులు చేర్చినాడు. అయినను ఎవరును రాలేదు.

రెండవనాటి సాయంకాలము పిల్లలు నలుగురు కాగితమును విడిచి ఇల్లిల్లును తిరిగిరి. మా యింటికి ఇరువది యిండ్ల యవతల, కొంధుల వీధి మొదట, ఒక వృద్ధురాలు గడపలో కూర్చుండి యుండెను. ఆమె తెలుగు చదువదు, ఒడియా చదువదు, మాటలాడునది కువి. పిల్లలలో నొకని స్నేహితుడు దుబాసియైనాడు. తోక వంకర యని చేతితో చూపగానే ఆమె లేచి నిలువబడినదట. మేము పిల్లిని తీసికొని పోవుసరికి ఆమె పొయ్యిమీది అటకను చూపినది. అచ్చట చిఱుగుపాతలలో మూడు కూనలు, కన్నులింకను తెఱవలేదు. రెండు చనిపోయి యుండెను. ఒకటి కదలుచుండెను. తల్లి చేతిలోనుండి దుమికి ఎక్కి దానిని చుట్టుకొని పండుకొనినది. ఆమె మమ్మేమియు ననలేదు. “వానలో బయటికి పోయింది, రాలేదు” అని మాత్రము అన్నదని బాలుడు చెప్పినాడు.

కూనలు పుట్టిన తరువాత కన్నులు తెఱచుటకు ఏడు మొదలు పదునాలుగు దినములు పట్టును. ఆ దినములలో అవి గంటలకొలది ఆకలికి ఓర్వజాలవు. తమ మేని వేడిని తాము నిలుపుకొనజాలవు. రెండు దినము లనునది వాని కెంత దీర్ఘకాలమో యిప్పుడు మాకు తెలియును.

తప్పిపోయిన పిల్లులనుగూర్చి 2018లో ప్రకటితమైన యొక పరిశోధనలో, దొఱకిన పిల్లులలో సుమారు నాల్గింట మూడువంతులు తాము తప్పిన చోటికి 500 మీటర్లలోపలనే దొఱకినవని తేలినది. కావున వచ్చిన పిల్లి యిల్లు తఱచు సమీపముననే యుండును. తొలుత అటు ముప్పది, ఇటు ముప్పది యిండ్లు నోటితో అడుగవలెను. వారి వారి భాషలో అడుగవలెను. సెల్‌ఫోనున్నచో తీసిన చిత్రమును చూపవచ్చును. చిత్రమునకు భాష యక్కఱలేదు. మచ్చికగల పిల్లియైనచో దాని మెడకు వదులుగా ఒక కాగితపు పట్టీ చుట్టి, చివరలు జిగురుతో నంటించి, “ఈ పిల్లి మీదేనా?” అని వ్రాసి విడిచిపెట్టుట మంచి యుపాయము. దాని వెంట జాబు తానే యిల్లు చేరును. కాగితమే కావలెను, దారము, త్రాడు కూడదు. కొమ్మకో కంపకో తగులుకొన్నపుడు కాగితము చినుగును, త్రాడు ఉరియగును.

ఇక పాలు. తెనాలి రామకృష్ణుడు పిల్లికి కాగిన పాలు పెట్టి, మూతి కాలి అది పాలన్నచో పాఱిపోవునట్లు చేసెనని కథ కలదు. కథలో అది తంత్రము. మన యింటిలో పాలు మానుట పిల్లికి మేలు. కూన పెరిగిన కొలదిని పాలలోని చక్కెరను అరిగించు శక్తి దానికి తగ్గిపోవును. ఆకలిగొన్న పిల్లి పాలు త్రాగును గాని తరువాత విరేచనములై యింకను నీరసించును. పెట్టవలసినది మంచినీరు. తరువాత ముండ్లు తీసిన ఉడికించిన చేప, ఉప్పుకారములు లేని కోడిమాంసము, లేదా ఉడికించిన గ్రుడ్డు. పిల్లి మాంసాహారియే, దాని కంటికిని గుండెకును కావలసిన టారిన్ అను పదార్థము పప్పన్నములో దొఱకదు. మాంసము వండని యింటివారు దీనికై చిన్నబుచ్చుకొన నక్కఱలేదు. నీరు పెట్టి, అన్నముపెట్టు ఇల్లు వెదకినను చాలును. ఉల్లి, వెల్లుల్లి కలిసిన కూర పెట్టరాదు. అవి దాని రక్తమును చెఱచును.

మందు మాట అంతకంటె ముఖ్యము. ఒళ్లు వేడిగానున్నదని జ్వరపు మాత్ర వేయువారు కలరు. పిల్లి మేనివేడి సహజముగనే మనకంటె ఎక్కువ, 38 డిగ్రీల పైన. పారసిటమాల్ బిళ్ల యొక్కటి పిల్లిని చంపును, అఱబిళ్లయైనను చాలును. మనుష్యుల మందేదియు పశువైద్యు డడుగకుండ వేయరాదు.

మీ క్షేమమునుగూర్చి ఒక మాట. తెలియని పిల్లిని చేతులతో నెత్తకుడు. మచ్చికైనది అకస్మాత్తుగా మీదపడుట, వీధిది అకారణముగా చనువు చూపుట, చొల్లు కారుట, కాళ్లు తడబడుట ఇవి వెఱ్ఱివ్యాధి లక్షణములు కావచ్చును. ఈ వ్యాధి కుక్కవలననే కాక పిల్లి కాటువలనను, గోటివలనను రావచ్చును. లక్షణములు బయటపడిన తరువాత మనుష్యుడు బ్రతుకుట దాదాపు లేదు. అయినను ముందుగా జాగ్రత్తపడినవారికి రాకుండ చేయవచ్చును. 1885 జూలైలో లూయీ పాశ్చర్ తన టీకాతో కుక్క కఱచిన తొమ్మిదేండ్ల బాలుని కాపాడినది మొదలు ఇది తెలిసినదే. కఱచినను, గీరినను, వెంటనే సబ్బుతో, పాఱునీటిలో పదునైదు నిమిషములు కడుగవలెను. నాడే ఆసుపత్రికి పోవలెను. పసుపు, సున్నము, కారము గాయమున పెట్టరాదు. టీకాలు చెప్పిన తేదీలకన్నిటికిని పోయి పూర్తిచేయవలెను. ఇంటిలో తిట్టుదురని దాచిన పిల్లలను మేమెఱుగుదుము. తిట్టు ఒక పూటతో పోవును.

మన పొలములలో మఱియొక చిక్కు కలదు. గడ్డి కోయునపుడు పొదలో కూనలు కనబడినచో అవి జంగపిల్లివి కావచ్చును. పెద్దజంగపిల్లి పొడుగుకాళ్లు, పొట్టితోక, తోకచివర నల్లని కట్లు, చెవికొనలందు సన్నని వెండ్రుకలతో ఇంటిపిల్లికంటె పెద్దదిగా నుండును. దానిని 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము కాపాడుచున్నది. ఏ కూనలైనను కనబడగానే తేరాదు; దూరముగా తొలగిపోయి కొన్ని గంటలు చూచినచో తల్లి వచ్చును.

ఎంత అడిగినను సొంతదారుడు దొఱకనిచో, బ్లాకు కేంద్రమందలి పశువైద్యశాలకు తీసికొనిపోయి వెఱ్ఱివ్యాధి టీకా వేయింపవలెను. అవకాశమున్నచోట పిల్లలు పుట్టకుండ శస్త్రచికిత్స చేయింపవలెను. ఆడుపిల్లి అయిదాఱు మాసములకే ఈడేఱును. రెండు మాసములు దాటగనే ఈనును. ఏట రెండు మూడు ఈతలు. ఆ లెక్క మీ గణితోపాధ్యాయుని యెదుట వేసి చూడుడు. అక్కఱ తీఱినదని పిల్లిని సంచిలో కట్టి వాగుదాటించి విడుచుట కొందఱికి వాడుక. ఆకలిదప్పులకు లోనగునట్లు జంతువును విడుచుట 1960 నాటి జంతుహింసా నివారణ చట్టము ప్రకారము నేరము. ఇట్టి చట్టము కావలెనని రాజ్యసభలో పట్టుపట్టినది నర్తకీమణి రుక్మిణీదేవి అరండేలు. చట్టముననుసరించి 1962లో ఏర్పడిన జంతుసంక్షేమ మండలికి ఆమెయే మొదటి అధ్యక్షురాలు.

వృద్ధురాలి యింట మిగిలిన కూన ఆడుది. తల్లివలెనే బూడిదవన్నె, తోక మాత్రము తిన్నన. ఇప్పుడది మా వసారాకు వచ్చుచుండును. అచ్చట ఒక మట్టిమూకుడులో నీళ్లు పెట్టుచున్నాము. తలుపు వేయుట లేదు. చీకటిపడుసరికి లేచి, ఒడలు విఱుచుకొని, ఇరువది యిండ్లు దాటి తన యిల్లు చేరును. పోయిన సంతనాడు పిల్లలు దానిని ఆమెతోనే పశువైద్యశాలకు కొనిపోయి టీకా వేయించిరి; చీటీలో పేరు వ్రాయవలసి వచ్చినపుడు ఆమె చెప్పిన కువి పేరును వైద్యుడు ఒడియాలో వ్రాసికొనగా, మా విద్యార్థి దానిని తెలుగులోనికి దింపి తెచ్చి, హ్రస్వమో దీర్ఘమో తెలియక మమ్మడిగినాడు. మాకును తెలియలేదు. ఆమెను అడిగి రమ్మని పంపితిమి.