తెల్లబడ్డ వేళ్లు అడిగే ప్రశ్న

చిరంజీవి అమ్మాయికి,

ఆఫీసు ఏసీలో వేళ్లు సుద్దముక్కల్లా తెల్లబడుతున్నాయనీ, కాసేపటికి నీలంగా మారి, చివరికి ఎర్రబడి చురచురలాడుతున్నాయనీ రాశావు. ఇంట్లోవాళ్లేమో ఒంట్లో రక్తం తక్కువన్నారు, నెట్‌లో వెతికితే ఏదో పెద్ద జబ్బు పేరు కనిపించిందన్నావు. నేను చెప్పేది ఒక్కటే. దీన్ని తీసిపారేయకు, అలాగని హడలిపోకు. నీ వేళ్లు ఒక ప్రశ్న అడుగుతున్నాయి: ఈ లక్షణం ఒంటరిగా వచ్చిందా, ఇంకేదైనా జబ్బును వెంటబెట్టుకొచ్చిందా? దానికి ఒక్కసారి సరైన చోట జవాబు తెచ్చుకో. ఒంటరిగా వచ్చిందని తేలితే ఇక మిగిలేది చేతి తొడుగుల వ్యవహారమే.

ముందు జరుగుతున్నదేమిటో చూడు. చలి తగిలితే ఎవరికైనా చర్మంలోని రక్తనాళాలు కుంచించుకుపోతాయి. లోపలి వేడి బయటికి పోకుండా ఒళ్లు చేసుకునే ఏర్పాటది. కొందరిలో ఆ ఏర్పాటు అతి చేస్తుంది. ఫ్రిజ్‌లోంచి నీళ్ల సీసా తీసి పట్టుకుంటే చాలు, వేళ్లలోని సన్నని ధమనులు బిగుసుకుపోతాయి. అప్పుడు వేలిని కళ్ల దగ్గర పెట్టుకుని చూడు. తెలుపు కొసన మొదలై కణుపుల మీదుగా పాకి, ఒకచోట గీత గీసినట్టు ఆగిపోతుంది. బొటనవేలు చాలాసార్లు తప్పించుకుంటుంది. వేలిలో నిలిచిన కాస్త రక్తంలో ఆక్సిజన్ అయిపోతే నీలం, నాళం తెరుచుకుని రక్తం పోటెత్తితే ఎరుపూ మంటా. కాలివేళ్లకూ ఇదే జరగొచ్చు. మోరిస్ రేనో అనే ఫ్రెంచి వైద్యుడు 1862లో పారిస్‌లో సమర్పించిన సిద్ధాంత వ్యాసంలో దీన్ని వర్ణించాడు, అందుకే ఆయన పేరే నిలిచింది. మన ఛాయవాళ్లలో ఒక చిక్కుంది. తెలుపు అంతగా కొట్టొచ్చినట్టు కనబడదు. గోళ్ల కిందా, వేళ్ల లోపలివైపూ చూడాలి. వచ్చినప్పుడే ఫోన్‌తో ఫోటో తీసి ఉంచుకో. డాక్టరు ముందు కూర్చునేసరికి వేళ్లు మామూలైపోతాయి, ఆ ఫోటోయే సాక్ష్యం.

రక్తహీనత అయితే ఇలా ఉండదు. అప్పుడు అరచేయి, పెదవులు, కనురెప్పల లోపలిభాగం అన్నీ పొద్దస్తమానం పాలిపోయి ఉంటాయి. పావుగంటలో వచ్చిపోదు, వేలి మీద గీత గీసుకుని ఆగదు. హిమోగ్లోబిన్ పరీక్ష చేయించుకో, తక్కువుంటే ఐరన్ మాత్రలు వేసుకో, కానీ బీట్‌రూట్ రసంతో ఈ కథ ముగుస్తుందనుకోకు. ఇక హైదరాబాద్‌లో అంత చలెక్కడిదని నీకు అనుమానం రావచ్చు. వేళ్లకు కావలసింది మంచు కాదు, తేడా. నలభై డిగ్రీల ఎండలోంచి ఇరవై రెండు డిగ్రీల గదిలోకి అడుగుపెట్టడం ఆ నాళాలకు చలికాలంతో సమానమే. ఆందోళన కూడా ఇదే పని చేస్తుంది, ఎందుకంటే ఆ నాళాలను బిగించే నరాలు కంగారుకూ స్పందిస్తాయి.

ఇప్పుడు అసలు ప్రశ్నకొద్దాం. ఎక్కువమందిలో రేనో ఒంటరిగానే వస్తుంది. ముప్పైలోపు మొదలవుతుంది, రెండు చేతులకూ ఒకేలా వస్తుంది, పుండు పడదు, ఆడవాళ్లలో ఎక్కువ. కొద్దిమందిలో మాత్రం చర్మం గట్టిపడే స్క్లెరోడెర్మా, ఒంటి రక్షణ వ్యవస్థే ఒంటి మీద తిరగబడే లూపస్ లాంటి జబ్బులకు తొలి కబురుగా వస్తుంది. స్క్లెరోడెర్మా వచ్చినవాళ్లలో నూటికి తొంభైమందికి పైగా రేనో ఉంటుంది. నెట్ నిన్ను భయపెట్టింది ఈ వాక్యాన్ని తిరగేసే. ఆ జబ్బున్నవాళ్లలో దాదాపు అందరికీ ఇది ఉన్నంతమాత్రాన, ఇది ఉన్నవాళ్లందరికీ ఆ జబ్బు రాదు. 2008లో మాంట్రియల్ పరిశోధకులు ప్రచురించిన అధ్యయనం ఇక్కడ బాగా పనికొస్తుంది. రేనో ఉన్న 586 మందిని ఏళ్ల తరబడి గమనించారు. మొత్తం మీద స్క్లెరోడెర్మా వచ్చింది 12.6 శాతానికి. అయితే మొదట్లోనే గోటి దగ్గరి సూక్ష్మనాళాలు మామూలుగా ఉండి, రక్తంలో ఆ జబ్బుకు సంబంధించిన యాంటీబాడీలు లేనివాళ్లలో వచ్చింది 1.8 శాతానికే. రెండూ తేడాగా ఉన్నవాళ్లలో దాదాపు 80 శాతానికి వచ్చింది. అంటే జవాబు రెండు చిన్న పరీక్షల్లో ఉంది. మొదటిది చూడటానికి మరీ తేలిక. గోరు మొదట్లో చర్మం మీద నూనె చుక్క వేసి భూతద్దం లాంటి పరికరంతో చూస్తారు. మామూలుగా అక్కడ నాళాలు వరసగా పేర్చిన హెయిర్‌పిన్నుల్లా ఉంటాయి. జబ్బుంటే కొన్ని ఉబ్బిపోతాయి, మధ్యమధ్య ఖాళీలు పడతాయి. రెండోది ఆ యాంటీబాడీల కోసం చేసే రక్తపరీక్ష.

చాలామందికి ఏమీ కాదన్నప్పుడు ఈ పరీక్షల ఖర్చెందుకని అడగొచ్చు. ‘చాలామంది’లో నువ్వున్నావో లేదో వేళ్ల రంగు చూసి చెప్పలేం కాబట్టి. పైగా వెంట వచ్చేది జబ్బే కానక్కర్లేదు. మైగ్రేన్‌కూ బీపీకీ వాడే ప్రొప్రనలాల్ లాంటి మందులు దీన్ని పెంచగలవు, కనుక వాడుతున్నవన్నీ డాక్టరుకు చెప్పు, సొంతంగా మాత్రం ఏదీ ఆపకు. చేసే పనీ కారణం కావచ్చు. అమెరికాలోని ఇండియానాలో సున్నపురాతిని గాలి సుత్తులతో చెక్కే కార్మికుల వేళ్లు తెల్లబడటాన్ని ఆలిస్ హామిల్టన్ 1918లోనే పరిశీలించింది. మన చీమకుర్తి క్వారీల్లో అదిరే డ్రిల్లు పట్టేవాళ్లకూ ఆ ముప్పు ఉన్నట్టే. బీడీ, సిగరెట్ల సంగతి వేరే చెప్పాలి. పొగ తాగే కుర్రాళ్లలో బర్జర్ జబ్బని ఒకటుంది. చేతుల్లో, కాళ్లలో నాళాలు బిగుసుకోవడమే కాదు, లోపల రక్తం గడ్డకట్టి మూసుకుపోతాయి, చివరికి వేళ్లు తీసేయాల్సి రావచ్చు. అక్కడ తగ్గిస్తే చాలదు, పూర్తిగా మానాల్సిందే. మీ తమ్ముడికీ ఈ పేరా చదివి వినిపించు.

ఒంటరి రేనో అని తేలితే చేయాల్సింది కొద్దే. వేళ్లొక్కటే కాదు, ఒళ్లంతా వెచ్చగా ఉంచుకో. స్వెట్టర్ లేకుండా తొడుగులు వేసుకుంటే సగం పనే. ఫ్రిజ్ సీసాకు గుడ్డ చుట్టి పట్టుకో. వేళ్లు తెల్లబడితే చంకలో పెట్టుకో, లేదా గోరువెచ్చని నీళ్లలో ముంచు. మొద్దుబారిన వేలికి వేడి తెలియదు కనుక మరిగే నీళ్లూ, పొయ్యి సెగా వద్దు. అప్పటికీ ఇబ్బందిగా ఉంటే నాళాలను సడలించే నిఫెడిపిన్ లాంటి మందులున్నాయి, డాక్టరు చెబితేనే వేసుకోవాలి. వేలి కొసన పుండు పడినా, ఉంగరం బిగుసుకునేలా చర్మం గట్టిపడినా, కీళ్లు వాచినా, ముద్ద దిగడం కష్టమైనా, ఆయాసం వచ్చినా ఆలస్యం చేయకు. వేలు తెల్లగానో నీలంగానో ఉండిపోయి రంగు తిరిగి రాకపోతే అదే రోజు ఆసుపత్రికి వెళ్లు. ఇవేవీ లేకపోయినా ఈ నెలలోనే రుమటాలజిస్టు అపాయింట్‌మెంట్ తీసుకో. ఇకనుంచి తీసే ఫోటోలు నాకు కాదు, ఆ డాక్టరుకు చూపించు.

ఇట్లు,
మీ పెదనాన్న